కాలువ కూలీ నుండి ప్రధానమంత్రి వరకు: మైకేల్ జోసెఫ్ సావేజ్

మన మెదక్ పట్టణంలో కొంచెం వయసు మళ్లినవారికి 1980 ఎన్నికలు బాగా జ్ఞాపకం ఉంటాయి. ఎక్కడో అలహాబాదులో పుట్టిన ఇందిరాగాంధీని మన నియోజకవర్గం లోక్‌సభకు పంపింది. రాయబరేలీలో కూడా ఆమె గెలిచారు గాని, ఆ స్థానాన్ని వదులుకొని మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న ఆమె హత్యకు గురైన నాటికి మన ఎం.పి.యే. అంతకు ఎంతో ముందు, 1952లో జరిగిన మొట్టమొదటి సాధారణ ఎన్నికల్లో మెదక్ నుంచి గెలిచిన డాక్టర్ జయసూర్య సరోజినీ నాయుడు గారి కుమారుడు. ఆయన తాతగారు అఘోరనాథ చటోపాధ్యాయ బెంగాలు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవారు. బయటివారిని మనవారిగా చేసుకోవడం మెదక్ ఓటరుకు కొత్త కాదన్నమాట.

అయితే వీరంతా పేరున్న కుటుంబాలవారు. ఏ పేరూ, ఏ అండా లేకుండా, కూలిపని వెతుక్కుంటూ పరాయి దేశంలో దిగిన ఒక కథోలిక ఇంటి బిడ్డ ఆ దేశానికే ప్రధానమంత్రి అయ్యాడంటే నమ్మడం కష్టం. ఆయన ఇరవై ఏళ్లకు పైగా చట్టసభలో ఉండి, ఆ పదవిలోనే కన్నుమూశారు. ఆ దేశం న్యూజిలాండ్. ఆయన పేరు మైకేల్ జోసెఫ్ సావేజ్. ఇంగ్లీషులో ఆ ఇంటిపేరుకు అనాగరికుడు, క్రూరుడు అని అర్థం వస్తుంది. పేరుకూ మనిషికీ ఇంత దూరం మరెక్కడా చూడబోము. మెత్తని మాట, చిరునవ్వు, ఓపిక ఆయన గుణాలని విరోధులు కూడా ఒప్పుకున్నారు.

సావేజ్ 1872 మార్చి 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బెనల్లా అనే ఊరి దగ్గర ఒక పల్లెలో జన్మించారు. తలిదండ్రులు ఐర్లండు నుంచి వలస వచ్చిన కథోలికులు. ఎనిమిది మంది సంతానంలో ఈయనే కడగొట్టువాడు. ఐదారేళ్ల వయసులో తల్లి పోయింది. తల్లిలేని పిల్లవాణ్ణి అక్క రోజ్ పెంచింది. ఊళ్లో ఉన్న ప్రభుత్వ బడిలో కొద్దిపాటి చదువు అయ్యాక, పద్నాలుగేళ్ల వయసులో బెనల్లాలో ఒక సారాయి దుకాణంలో పనికి కుదిరారు. పగలంతా పని, సాయంత్రం రాత్రి బడి. ఒళ్లు మాత్రం గట్టిది. బరువులెత్తడంలో, ముష్టియుద్ధంలో ఆ చుట్టుపక్కల పేరు తెచ్చుకున్నారు.

1891వ సంవత్సరం ఆయన జీవితంలో చీకటి సంవత్సరం. పెంచిన అక్క రోజ్, ప్రాణానికి ప్రాణమైన అన్న జోసెఫ్, ఇద్దరూ ఒకే ఏడాది చనిపోయారు. అంతవరకు వట్టి మైకేల్‌గా ఉన్న ఆయన ఆ అన్న పేరును తన పేరులో కలుపుకొని మైకేల్ జోసెఫ్ అయ్యారు. మరణించిన తోబుట్టువు పేరును పుట్టబోయే బిడ్డకు పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. తన పేరులోనే కలుపుకొని జీవితాంతం మోయడం మాత్రం అరుదు.

అదే 1891 మే నెలలో రోములో 13వ లియో పాపుగారు రేరుమ్ నోవారుమ్ అనే లేఖను వెలువరించారు. కార్మికునికి ఇచ్చే కూలి అతడూ అతని కుటుంబమూ గౌరవంగా బతకడానికి చాలినంత ఉండాలనీ, కార్మికులు సంఘాలు కట్టుకోవడం వారి హక్కు అనీ శ్రీసభ ఆ లేఖలో లోకానికి చాటింది. 2025లో ఎన్నికైన పాపుగారు 14వ లియో అనే పేరు తీసుకోవడానికి ఆ లేఖ కూడా ఒక కారణమని మనం విన్నాము. బెనల్లా దుకాణంలో బుడ్లు సర్దుతున్న పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి ఆ లేఖ చేరిందో లేదో గాని, దానిలోని సంగతి ఆయన ఒంటి మీదికే వచ్చింది. రెండేళ్లు తిరగకముందే విక్టోరియాలో బ్యాంకులు కూలిపోయాయి. 1893లో ఉద్యోగం ఊడింది.

పొట్ట చేత పట్టుకొని పక్క రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్సుకు వలస వెళ్లారు. నార్త్ యాంకో అనే పెద్ద పశువుల క్షేత్రంలో పొలాలకు నీళ్లు పారే కాలువలు తవ్వే కూలీగా చేరారు. ఎండలో పారా పట్టి, మట్టి ఎత్తి పోసే పని. ఏడేళ్ల పాటు అక్కడే. పాలమూరు నుంచీ మన మెతుకుసీమ నుంచీ ప్రాజెక్టు పనులకు, కాలువ పనులకు వెళ్లినవారికి ఆ ఏడేళ్లు ఎలా గడిచి ఉంటాయో వేరే చెప్పనవసరం లేదు. రాత్రిళ్లు ఆయన పుస్తకాలు చదివేవారు. భూమి అందరిదీ అయి ఉండాలనే హెన్రీ జార్జ్ వాదం, బెల్లమీ రాసిన సమసమాజపు నవల అప్పట్లో కార్మికుల చేతుల్లో తిరిగేవి. 1900లో విక్టోరియాకు తిరిగి వచ్చి బంగారు గనిలో చేరారు. అక్కడ కార్మిక సంఘంలో పని మొదలయింది. ఎన్నికల్లో నిలబడే అవకాశం కూడా ఒకసారి వచ్చింది గాని, పోటీకి కావలసిన సొమ్ము పార్టీ దగ్గర లేక అది తప్పిపోయింది.

గనిలో పరిచయమైన స్నేహితుడు పాడీ వెబ్ అప్పటికే న్యూజిలాండుకు వెళ్లిపోయాడు. సావేజ్ ఆ దారినే 1907 అక్టోబరులో వెల్లింగ్టన్ రేవులో ఓడ దిగారు. ఆ రోజు ఆ దేశంలో కార్మిక దినం. వయసు ముప్పై అయిదు. పెళ్లి లేదు, ఇల్లు లేదు. జనుమును పోలిన నారమొక్కలు కోసే పని కొన్నాళ్లు చేసి, మరుసటి ఏడు ఆక్లాండు నగరానికి చేరి ఒక బీరు కర్మాగారంలో నేలమాళిగ పనివాడిగా కుదిరారు. బీరు పీపాలను చూసుకునే ఆ పనిలోనే ఎన్నో ఏళ్లు గడిచాయి. ఒక కుటుంబంవారి ఇంట్లో గది అద్దెకు తీసుకుని, వారిలో ఒకడిగా కలిసిపోయి చాలాకాలం అక్కడే ఉండిపోయారు. జీవితమంతా బ్రహ్మచారిగానే ఉన్నారు.

కథోలిక పత్రికలో రాస్తున్నాము గనుక ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ కాలంలో ఆయన శ్రీసభకు దూరమయ్యారు. ఆక్లాండులో హేతువాదుల సాంగత్యంలో తిరిగారు. జ్ఞానస్నానం పొందిన బిడ్డ, ఐరిష్ తల్లి కన్న బిడ్డ, పూజకు రాని మనిషి అయ్యాడు. అలాంటివారు మన విచారణల్లోనూ ఉన్నారు. కార్మిక సంఘంలోనో, పార్టీలోనో తిరిగి గుడి మెట్లు ఎక్కడం మానేసినవారిని మనం చులకనగా చూస్తాము. ఈయన కథ చదివాక కొంచెం ఆగి చూడాలనిపిస్తుంది.

సోషలిస్టు అభ్యర్థిగా 1911లో, 1914లో పార్లమెంటుకు పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో యువకులను బలవంతంగా సైన్యంలో చేర్చడాన్ని వ్యతిరేకించినవారిలో ఆయన ఒకరు. మనుషులను పట్టి పంపేముందు ధనవంతుల సొమ్మును పట్టాలని వారి వాదన. 1919లో ఒకే ఏడాది ఆక్లాండు నగరసభకూ, ఆస్పత్రి బోర్డుకూ ఎన్నికయ్యారు. డిసెంబరు 17న ఆక్లాండ్ వెస్ట్ స్థానం నుంచి పార్లమెంటుకూ గెలిచారు. ఆ స్థానం మరణం వరకూ ఆయనదే. ప్రతి ఎన్నికలోనూ అదే ఓటర్లు ఆయననే పంపారు.

మన పత్రికలు ప్రధానమంత్రిగా ఆయన ఘనతనే చెప్పుకుంటాయి. నా లెక్కలో అసలు బడి ఆస్పత్రి బోర్డే. ఆ రోజుల్లో ఆస్పత్రిలో పడుకున్నవాడు బాగైనా బాగుకాకపోయినా ఫీజు కట్టాలి. కట్టలేనివాడు దయాధర్మం కింద చేయి చాచాలి. బోర్డు పేరే ఆస్పత్రి, దానధర్మాల బోర్డు. రోగి బిల్లును, బిచ్చానికి వచ్చిన విధవరాలి అర్జీని ఒకే బల్ల మీద చూసిన మనిషి ఆయన. జబ్బు చేయడం నేరం కాదనీ, ముసలితనం తప్పు కాదనీ, వీటికి సాయం అడగడం అడుక్కోవడం కాకూడదనీ ఆయనకు అక్కడ గట్టిగా నాటుకుంది.

1926లో అప్పటి ప్రభుత్వం పేద కుటుంబాలకు బిడ్డల భత్యం చట్టం చేసింది. దీని కోసం ప్రతిపక్షంలో ఉండి ఎక్కువగా పట్టుబట్టినవారిలో సావేజ్ ముఖ్యులు. మూడవ బిడ్డ నుంచి ఒక్కొక్కరికి వారానికి రెండు షిల్లింగులు. చిన్న మొత్తమే. కాని ఆ చట్టంలో ఒక ముల్లు ఉంది. ఆసియావారికి ఆ భత్యం వర్తించదు. అంటే అక్కడ స్థిరపడిన మన భారతీయులకూ, చైనావారికీ లేదు. ముసలివారి పింఛను చట్టంలోనూ 1898 నుంచి అదే నిబంధన. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం న్యూజిలాండును గట్టిగా కొట్టింది. ఆ దేశం బతికేదే ఉన్ని, వెన్న, మాంసం అమ్మి. వాటి ధరలు పడిపోయాయి. వేలాది మంది పని లేక రోడ్డున పడ్డారు. ప్రభుత్వం వారిని ఊళ్లకు దూరంగా శిబిరాల్లో పెట్టి, కొద్దిపాటి కూలికి రోడ్డు పనులూ, మొక్కలు నాటే పనులూ చేయించింది. మన దగ్గర వీటిని కరువు పనులంటారు. మెదక్‌లో మన సహోదర క్రైస్తవుల మహాదేవాలయం పోస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో కరువు రోజుల్లో జనానికి అన్నం పెట్టి కట్టించినదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించిన ఆ గుడి గోపురాన్ని చూసినప్పుడల్లా పని చేసి తిన్న అన్నం గౌరవం గుర్తుకొస్తుంది. న్యూజిలాండు శిబిరాల్లో ఆ గౌరవం లేదు. 1932 ఏప్రిల్‌లో ఆక్లాండు నడివీధిలో నిరుద్యోగులకూ పోలీసులకూ ఘర్షణ జరిగి దుకాణాల అద్దాలు పగిలాయి.

1933లో లేబరు పార్టీ నాయకుడు హ్యారీ హాలండ్ ఆకస్మికంగా మరణించడంతో, పదేళ్లుగా ఉపనాయకుడిగా ఉన్న సావేజ్ నాయకుడయ్యారు. హాలండ్ సిద్ధాంతి. సావేజ్ ఇంటింటి మనిషి. 1935 నవంబరు 27న జరిగిన ఎన్నికల్లో 80 స్థానాల్లో 53 లేబరు గెలిచింది. ఆ దేశంలో కార్మికుల ప్రభుత్వం అదే మొదటిది. ప్రమాణం చేసిన రోజుల్లోనే, క్రిస్మసు దగ్గర పడుతుండగా, నిరుద్యోగులకూ దానధర్మాల మీద బతుకుతున్న కుటుంబాలకూ పండుగ ఖర్చుకు అదనపు సొమ్ము ఇప్పించారు. పిల్లలకు కొత్త బట్ట, ఇంట్లో కాస్త మాంసం. క్రిస్మసు నాడు పొయ్యి వెలగని ఇంటి బాధ తెలిసినవారికి దీని విలువ తెలుస్తుంది.

1936లో చకచకా చట్టాలు వచ్చాయి. వారానికి 40 గంటల పని. రిజర్వు బ్యాంకు ప్రభుత్వపరం. పార్లమెంటు చర్చలు రేడియోలో ప్రసారం. పింఛను చట్టంలో ఆసియావారిని వెలివేసిన నిబంధన ఆ ఏడాదే తొలగిపోయింది. మన భారతీయ ముసలివారు అక్కడ మొదటిసారి పింఛనుకు అర్హులయ్యారు. కాని తలుపు సంగతి వేరు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తెల్లవాడు కాబట్టి 1907లో సావేజును రేవులో ఎవరూ ఆపలేదు. మన దేశం నుంచి వచ్చేవారిని ఆపడానికి చేసిన 1920 నాటి వలస చట్టం ఆయన ప్రభుత్వంలోనూ అలాగే ఉంది. లోపల ఉన్నవారికి న్యాయం చేశారు గాని, గడప దాటనివ్వడంలో తన ముందువారిలాగే ఉండిపోయారు. గల్ఫుకు కొడుకులను పంపిన ఇళ్లవారికి ఈ తేడా బాగా అర్థమవుతుంది.

అదే 1936 ఏప్రిల్‌లో జరిగిన ఒక సంఘటన ఆయన జీవితంలో కెల్లా ముచ్చటైనది. ఆ దేశపు ఆదివాసులైన మావోరీలలో రాటానా అనే ప్రార్థనా నాయకుడు ఉండేవారు. వేలాది మంది ఆయన వెంట ఉన్నారు. ఆయన ప్రధానమంత్రి దగ్గరికి వచ్చి కొన్ని వస్తువులు ముందు పెట్టారు. ఒక ఆలుగడ్డ, అందులో గుచ్చిన మూడు హుయా పక్షి ఈకలు. ఒక పగిలిన గడియారం. ఒక పచ్చరాతి బొమ్మ. ఒక బిళ్ల. ఆలుగడ్డ అంటే మావోరీలకు భూమి పోయింది, దుంప నాటుకునేందుకు నేల లేదు. గడియారం తాతల నాటిది, బాగు చేయించడానికి డబ్బు లేదు. తెల్లవారు చేసిన ఒప్పందం కూడా అలాగే పగిలిపోయింది. పచ్చరాయి మావోరీల గౌరవం, అది మట్టిలో కలిసింది. హుయా పక్షి తెల్లవారు వచ్చాక అంతరించిపోయింది. వీటన్నిటినీ నిలబెడితే ఈకను తలలో పెట్టుకునే అర్హత నీకు ఉంటుందని దాని భావం. సావేజ్ ఆ కానుకలను తీసుకున్నారు. మావోరీల వ్యవహారాల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు.

1937 సెప్టెంబరులో వెల్లింగ్టన్‌లో ప్రభుత్వం కట్టించిన మొదటి అద్దె ఇంటిలోకి ఒక కార్మిక కుటుంబం దిగింది. ఆ రోజు ప్రధానమంత్రి వచ్చి, గుంపును తోసుకుంటూ ఆ ఇంటివారి భోజనాల బల్లను స్వయంగా మోసి లోపల పెట్టారు. కెమెరాల కోసం చేసిన పని అంటే కావచ్చు. కాని అరవై అయిదేళ్ల ఆ చేతులకు బరువు మోయడం కొత్త కాదు.

ఇక 1938. ముసలివారికి, విధవరాండ్రకు, అనాథలకు, రోగులకు, పని పోయినవారికి భృతి, ఆస్పత్రిలో ఉచిత వైద్యం, ఉచిత ప్రసూతి. వీటన్నిటినీ ఒకే చట్టంలో కూర్చిన సాంఘిక భద్రతా చట్టం ఆ సెప్టెంబరులో పార్లమెంటులో నెగ్గింది. దీని ఖర్చుకు ప్రతివాడూ తన సంపాదనలో పౌనుకు ఒక షిల్లింగు, అంటే ఇరవయ్యో వంతు, కట్టాలి. ఇది దానం కాదు, అందరూ కలిసి అందరి కోసం పెట్టుకున్న డబ్బు. డాక్టర్ల సంఘం గట్టిగా ఎదిరించింది. సొంత పార్టీలోనూ సణుగుడు ఉంది. ఇది క్రైస్తవ మతాన్ని ఆచరణలో పెట్టడమేనని సావేజ్ ఊరూరా చెప్పారు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టితిరా, రోగిని పరామర్శించితిరా అని మత్తయి సువార్త 25వ అధ్యాయంలో క్రీస్తునాథుడు అడిగే లెక్కను ఒక దేశపు బడ్జెటులో రాసినట్టయింది. మన తెలంగాణలో ముసలమ్మలకు నెలనెలా వచ్చే పింఛను, ఆరోగ్యశ్రీ కార్డు చూస్తున్న మనకు ఇది మామూలు విషయంలా తోచవచ్చు. 1938లో ప్రపంచంలో ఇంత విస్తృతమైన ఏర్పాటు దాదాపు ఎక్కడా లేదు.

ఆ ఆగస్టులోనే డాక్టర్లు ఆయనకు పెద్దపేగులో క్యాన్సరు ఉందని, వెంటనే ఆపరేషను చేయాలని చెప్పారు. ఎన్నికలు అక్టోబరు 15న. ఆపరేషనుకు వెళితే ప్రచారం ఆగిపోతుంది. ఓడిపోతే, ఇంకా అమలు కాని చట్టాన్ని వచ్చినవారు చించేస్తారు. ఆయన ఆపరేషను వాయిదా వేసి ఊరూరూ తిరిగారు. లేబరుకు నూటికి దాదాపు 56 ఓట్లు వచ్చాయి. చట్టం 1939 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆపరేషను ఆ ఏడాది ఆగస్టులో జరిగింది. అప్పటికే ఆలస్యమయింది. ప్రాణాన్ని కాపాడుకోవడం కూడా దేవుని ఆజ్ఞే గదా అని అడిగేవారు అడగవచ్చు. నాకు మాత్రం ఆయన తప్పు చేశారని అనడానికి నోరు రాదు.

సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. పడక మీద నుంచే రేడియోలో దేశానికి సందేశం ఇచ్చారు. పనులన్నీ ఉపప్రధాని పీటర్ ఫ్రేజర్ చూసుకున్నారు. ఈ సమయంలోనే సొంత పార్టీ సభ్యుడు జాన్ లీ, నాయకునికి మతి చలించిందని అర్థం వచ్చేలా ఒక వ్యాసం రాశాడు. లీ తెలివైనవాడు, యుద్ధంలో చేయి పోగొట్టుకున్న వీరుడు. మంత్రిపదవి ఇమ్మని పార్టీలో చాలామంది కోరినా సావేజ్ ఇవ్వలేదు. ఆ మంకుపట్టు సావేజ్‌లోని లోపమే అనుకుంటాను. మంచితనం ఉన్న చోట మొండితనం కూడా ఉంటుంది. కాని మంచాన పడిన మనిషిని పొడవడం జనం క్షమించలేదు. 1940 మార్చి 25న లీని పార్టీ వెళ్లగొట్టింది. మార్చి 27న సావేజ్ కన్నుమూశారు. అరవై ఎనిమిది నిండి నాలుగు రోజులు.

శ్రీసభకు దూరమైన ఆ మనిషి చివరి ఏళ్లలో మళ్లీ తల్లి ఒడికి వచ్చారు. కథోలికుడిగానే మరణించారు. వెల్లింగ్టన్‌లోని యేసు తిరుహృదయ దేవాలయంలో ఆయన ఆత్మశాంతికై దివ్యబలిపూజ సమర్పించారు. చిత్రమేమంటే, కథోలికుల కోసం ఆయన ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. మన బడులకు ప్రభుత్వ సాయం కావాలని అక్కడి మేత్రాణులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న కోరిక ఆయన ఏలుబడిలో తీరలేదు. దానికి 1975 నాటి చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అప్పటివరకు విశ్వాసుల చందాలతో, మఠకన్యల త్యాగంతో ఆ బడులు నడిచాయి.

ఆయన దేహాన్ని రైలులో ఆక్లాండుకు తీసుకుపోతుంటే ప్రతి స్టేషనులోనూ జనం నిలబడి ఉన్నారు. మన ఊళ్లలో ఇందిరమ్మ, ఎన్టీఆర్ పటాలు గోడకు వేలాడినట్లు, అక్కడి పేదల ఇళ్లలో సావేజ్ ఫోటో దశాబ్దాల పాటు వేలాడింది. ఆక్లాండు సముద్రపు ఒడ్డున బాస్టియన్ పాయింట్ అనే గుట్ట మీద సమాధి చేశారు. రాటానా ఇచ్చిన ఆ కానుకలను ఆయనతోపాటే పాతిపెట్టారు. 1943లో అక్కడ పెద్ద స్తంభం, తోట వెలిశాయి.

ఆ గుట్ట చుట్టూ ఉన్న నేల న్గాతి ఫాతువా అనే మావోరి తెగవారిది. దానిలో చాలా భాగాన్ని ఒక్కొక్క అవసరం పేరు చెప్పి ప్రభుత్వాలు తీసుకుంటూ వచ్చాయి. మిగిలినదాన్ని ధనవంతుల ఇళ్లకు అమ్మబోతే, 1977 జనవరిలో ఆ తెగవారు వచ్చి గుడారాలు వేసుకుని కూర్చున్నారు. 506 రోజులు కూర్చున్నారు. 1978 మే 25న పోలీసులు, సైన్యం వచ్చి 222 మందిని అరెస్టు చేసి పంపించారు. పదేళ్ల తరువాత, 1988లో, ఆ భూమిని తిరిగి ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఆలుగడ్డ, పగిలిన గడియారం అప్పటికి నలభై ఎనిమిదేళ్లుగా ఆ గుట్ట మట్టిలోనే ఉన్నాయి.